గాల్లో 82 నిమిషాలు, గుమ్మం నుంచి గుమ్మానికి ఆరున్నర గంటలు

"గంటా ముప్పావే నాన్నా, కూర్చున్నంత సేపు పట్టదు" అని చెప్పింది నేనే. టికెట్ మీద అలాగే ఉంది మరి.

పోయిన వేసవిలో అమ్మానాన్న తెనాలి నుంచి బెర్లిన్‌లో నా దగ్గరికి వచ్చారు. వాళ్లకి పారిస్ చూపించాలని నాకు ఎప్పటి నుంచో ఆశ. అమ్మ సావిత్రికి మోకాళ్ల నొప్పులు. ఎంత నడవాలి, ఎంతసేపు నిలబడాలి అన్నదే మాకు అసలు దూరం. అది మాత్రం నేను లెక్క వేయలేదు. రెండు ఊళ్ల మధ్య తిన్నగా కొలిస్తే సుమారు 880 కిలోమీటర్లు, రోడ్డు మీద 1,050 దాకా. రైలుకి ఎనిమిది గంటలు. ఇంకేం ఆలోచిస్తాం, విమానం టికెట్లు తీసేశాను.

నాన్న ఆర్టీసీలో కంట్రోలర్‌గా చేసి రిటైరయ్యారు. ఏ బస్సు ఎప్పుడొచ్చింది, ఎప్పుడు కదిలింది రాయడం ఆయన చేతికి అలవాటు. ఆ రోజు కూడా చొక్కా జేబులో చిన్న డైరీ పెట్టుకున్నారు. ఆ పేజీ ఫొటో ఇప్పటికీ నా ఫోన్లో ఉంది: ఇల్లు 6.40. ఎయిర్‌పోర్టు 7.35. గేటు వదిలింది 9.40. పైకి లేచింది 9.52. దిగింది 11.14. తలుపు తీసింది 11.28. బ్యాగు 12.05. హోటల్ 1.10.

టికెట్ మీద వేసే సమయం గేటు నుంచి గేటుకి. రన్‌వే దాకా మెల్లగా వెళ్లడం, దిగాక మళ్లీ గేటు దాకా రావడం అందులోనే కలిసి ఉంటాయి. అందులో లేనిదల్లా అమ్మ కాళ్ల మీద పడింది. తనిఖీ దగ్గర నిలబడటం, టెర్మినల్లో నడక, పారిస్‌లో దిగిన షార్ల్ ద గాల్ ఎయిర్‌పోర్టు నుంచి ఊళ్లోకి లోకల్ రైలు, మెట్లు. పచ్చడి సీసా ముందే పెద్ద బ్యాగులో సర్దాను కాబట్టి సరిపోయింది. చేతి సంచీలో ఉంటే దాన్నీ ద్రవం కిందే లెక్కేస్తారు, చాలా ఎయిర్‌పోర్టుల్లో 100 మిల్లీలీటర్లు దాటితే వదిలేసి వెళ్లాల్సిందే.

"తిరుగు విమానానికి పది నిమిషాలు తక్కువ చూపిస్తోందేంటమ్మా?" అని అడిగారు నాన్న. అక్కడ పైన గాలి ఎక్కువగా పడమర నుంచి తూర్పుకి వీస్తుంది, బెర్లిన్ వైపు వెళ్లేటప్పుడు అది వెనక నుంచి తోస్తుందని చెప్పాను. ఆయన అదీ రాసుకున్నారు.

తిరుగు టికెట్లు ఇంకా తీయలేదు, మంచిదైంది. 2024 డిసెంబరు నుంచి పారిస్‌కీ బెర్లిన్‌కీ పగటిపూట నేరుగా రైలుంది, రోజుకి ఒకటి. అది బయల్దేరే గార్ ద లెస్ట్ స్టేషన్ హోటల్ నుంచి అయిదు నిమిషాల నడక. పాస్‌పోర్టులు మాత్రం చేతికి అందేలా పెట్టుకున్నాను, సరిహద్దు దగ్గర పోలీసులు ఎక్కి అడగొచ్చు. ఫ్రాన్స్‌లో రైలు గంటకి 320 కిలోమీటర్ల వేగం అందుకుంటే నాన్న కిటికీ వదల్లేదు. స్ట్రాస్‌బర్గ్ దాటాక రైన్ నది వచ్చింది. అమ్మ చెప్పులు విప్పి, కాళ్లు బ్యాగు మీద చాపుకుని పులిహోర తింది.

ఆ రోజు డైరీలో మూడే వరుసలు. పారిస్ 9.55. బెర్లిన్ 6.10. మధ్యలో: "సావిత్రి నిద్ర, రెండు గంటలు."