80 సెకన్లు కాదు, 92 నిమిషాలు: కక్ష్యా వేగం లెక్కతో నా అనుభవం

నిన్నటితో ఈ లెక్క నాకు పూర్తిగా వచ్చేసింది. ఆ వేడి మీదే రాసేస్తున్నాను.

నేను ఇంటర్ ఫస్టియర్, ఎంపీసీ. సాయంత్రాలు విశాఖ ద్వారకానగర్‌లో ట్యూషన్. గురుత్వాకర్షణ చాప్టర్‌లో డెరివేషన్లు ఒక్క పూటలో వచ్చేశాయి. తర్వాత సార్ లెక్క ఇచ్చారు. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం 400 కిలోమీటర్ల ఎత్తులో తిరుగుతోంది, వేగమెంత, ఒక చుట్టుకు ఎంతసేపు?

వేగం కావాలంటే జీఎం (గురుత్వ స్థిరాంకం, భూమి ద్రవ్యరాశుల లబ్ధం) విలువను దూరంతో భాగించి వర్గమూలం తీయాలి. నేను 3,98,600ని 400తో భాగించి తీశాను. సెకనుకు 31.6 కిలోమీటర్లు, చుట్టుకు 80 సెకన్లు. సార్ నా నోట్సు పైకెత్తి అందరికీ చూపించారు. "ఎనభై సెకన్లంట! ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గర సిగ్నల్ కూడా పడదు అంతలో" అన్నారు. క్లాసంతా నవ్వింది. తప్పెక్కడో మాత్రం చెప్పలేదు. తర్వాత వెళ్లి అడిగితే "రివిజన్ చెయ్" అన్నారు. బస్సులో కిటికీ వైపు తిరిగి కూర్చుని ఏడ్చాను.

ఆదివారం బీచ్ రోడ్డులో కొబ్బరి బోండాలు తాగుతుంటే నాన్నకు చెప్పాను. ఆయన ఒక్కటే అడిగారు, "ఆ 400 ఎక్కడి నుంచి తల్లీ?" నేల నుంచి! కానీ సూత్రంలో దూరం భూమి మధ్య నుంచి. చేతిలో బోండం అడ్డంగా 16 సెంటీమీటర్లుంటుంది. అదే భూమి అనుకుంటే స్టేషన్ దాని పైన అర సెంటీమీటరు ఎత్తులో తిరుగుతోందన్నమాట. నేను ఆ అర సెంటీమీటరు పెట్టి బోండాన్నే వదిలేశాను.

భూమి వ్యాసార్థం 6,371 కిలోమీటర్లు, దానికి 400 కలిపితే 6,771. వేగం సెకనుకు 7.67 కిలోమీటర్లు, చుట్టుకు 92 నిమిషాలు. రోజుకు పదిహేనున్నర చుట్లు.

జవాబు రాగానే రెండు చూసుకోండి. భూమిని వదిలి పోవడానికే సెకనుకు 11.2 కిలోమీటర్లు చాలు, 31.6తో వెళ్లేది కక్ష్యలో ఉండనే ఉండదు. నేలను ఆనుకుని తిరిగినా చుట్టుకు 84 నిమిషాలు పడుతుంది, అంతకన్నా తక్కువ వస్తే ఎత్తు ఒక్కటే వేసి ఉంటారు. ఈ రెండు ముక్కలు చెప్పడానికి సార్‌కి నిమిషం పట్టేది కాదు. పిల్లల్ని నవ్వులపాలు చేసేవాళ్ల దగ్గర ఫీజు కట్టి మరీ చేరకండి.

నిన్న భూస్థిర ఉపగ్రహం (భూమితో పాటే తిరుగుతూ ఆకాశంలో ఒకేచోట ఉన్నట్టు కనిపించేది) లెక్క ఇచ్చారు, ఎత్తు 35,786 కిలోమీటర్లు. బోర్డు మీద నేనే చేశాను. సెకనుకు 3.07 కిలోమీటర్లు, 23 గంటల 56 నిమిషాలు. సార్ "ఊఁ, కూర్చో" అన్నారు. పక్క బెంచీ అమ్మాయి నోట్సులో 35,786 ఒక్కటే ఉంది. దానికి 6,371 ఎందుకు కలపాలో ఇంటర్వెల్‌లో నేనే బొమ్మ గీసి చెప్పాను.