శెనక్కాయలు ఆట అయ్యాకే

బడి వదిలిన వెంటనే మా కబడ్డీ పిల్లలు గ్రౌండ్‌కు వచ్చేస్తారు. మధ్యాహ్న భోజనం చేసి అప్పటికి మూడున్నర గంటలు దాటిపోయి ఉంటుంది. ఆకలేస్తుంది. జేబులో ఏముంటే అది నోట్లో వేసుకుంటారు. అనంతపురం పిల్లల జేబుల్లో ఇంకేముంటాయి, వేయించిన శెనక్కాయలే.

పోయిన ఫిబ్రవరిలో తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకామె రెండు పిడికిళ్లు తిని రైడ్‌కు దిగింది. పది నిమిషాలకే "సార్, కడుపులో తిప్పుతాంది" అంటూ వచ్చి, గ్రౌండ్ అంచున కూర్చుని కక్కుకుంది. శెనక్కాయ చెడ్డదని కాదు. వంద గ్రాముల్లో సుమారు 25 గ్రాముల ప్రొటీన్ ఉంటుంది, మా పిల్లలకు అంత చవకగా దొరికే బలం మరొకటి లేదు. కానీ గింజలో సగానికి దగ్గరగా నూనే ఉంటుంది. నూనె ఎక్కువున్న తిండి కడుపులోంచి తొందరగా కదలదు. పైగా పరుగెత్తేటప్పుడు రక్తం కండరాలకు మళ్లుతుంది కాబట్టి అరుగుదల ఇంకా మందగిస్తుంది.

అందుకే ఇప్పుడు ఆటకు ముందు ఒక అరటిపండు, లేదంటే కాసిని బొరుగులు. శెనక్కాయలు, బడిలో ఇచ్చిన చిక్కీ దాచుకుని ఉంటే అదీ, ఆట అయ్యాకే. రాత్రికి ఇంట్లో సంగటి, పప్పు, కుదిరితే గుడ్డు. సంగటి తిన్నాక మూడు గంటలు కాకుండా నేనెవరినీ పరుగెత్తనివ్వను. మ్యాచ్ రోజు పొద్దున ఉగ్గాని కొంచెం తినొచ్చు, బజ్జీ మాత్రం వద్దు.

నీళ్ల విషయంలో నాకు ఇప్పటికీ కోపం ఉంది. నేను ఆడే రోజుల్లో మా కోచ్ మధ్యలో నీళ్లు తాగనిచ్చేవాడు కాదు, కాళ్లు బరువెక్కుతాయనేవాడు. నోరు పిడచగట్టుకుపోయినా అడగడానికి భయం. ఆ మాట పూర్తిగా తప్పు.

ఏప్రిల్‌లో ఒంటిపూట బడులప్పుడు సాయంత్రం ఐదుకు ప్రాక్టీస్ పెట్టాను. అప్పటికీ మట్టి అరికాళ్లకు చురుక్కుమంటూనే ఉంది. ఆ రోజు బరువు మిషన్ తెచ్చి అందరినీ ముందూ వెనకా తూచాను. ఒకమ్మాయి 46.2 కిలోలు ఉండేది, గంటన్నర ఆడాక 45.2కు వచ్చింది. మధ్యలో ఒక గ్లాసు నీళ్లు తాగింది కూడా. అంటే లీటరుకు పైగా చెమట పోయింది. ఒంటి బరువులో నూటికి రెండు వంతులు అలా తగ్గితే చాలు, ఊపిరి, చురుకుదనం రెండూ పడిపోతాయి. తగ్గిన ప్రతి కిలోకూ లీటరుంబావు నుంచి లీటరున్నర దాకా తాగాలి. అదీ ఒక్కసారిగా కాదు, రాత్రి పడుకునేలోపు కొంచెం కొంచెంగా. ఉత్త నీళ్లే పట్టిస్తే చాలదు, చెమటతో పోయిన ఉప్పు కూడా తిరిగి రావాలి. ఉప్పేసిన పల్చటి మజ్జిగ మాకు అన్నిటికంటే బాగా పనిచేసింది.

ఇప్పుడు పావుగంటకోసారి విజిల్ వేస్తాను. దాహం లేదన్నవాళ్లు కూడా వచ్చి నాలుగు గుటకలు తాగాల్సిందే.