గోడ మీద పిల్లికి ప్రైమరీలో ఓటు లేదు

మార్చిలో మా అమ్మాయికి పద్దెనిమిది నిండుతాయి. లైసెన్స్ పని మీద వెళ్తే అక్కడి స్క్రీన్ ఓటరుగా కూడా నమోదు చేస్తానందట. మా పెన్సిల్వేనియాలో 2023 సెప్టెంబరు నుంచి అంతే, వద్దంటే తప్ప నమోదైపోతాం. అది మాత్రం పార్టీ పేరు అడిగిన చోట ఆగిపోయి, ఇంటికెళ్లి చేసుకుంటానని వచ్చేసింది.

ఆ రాత్రి మా ఆవిడ దోసెలు పోస్తుంటే లాప్‌టాప్ పక్కన పెట్టుకుని కూర్చుంది. "నాన్నా, నీది ఏ పార్టీ?"

"ఏదీ కాదమ్మా. నన్ (None) అని పెట్టాను."

ఎందుకని అడిగింది. అడిగితే చాలు కదా, మొదలుపెట్టాను. రెండు పార్టీల్లోనూ మంచీ ఉంది, చెడూ ఉంది, మనం రంగు చూసి కాదు, మనిషిని చూసి ఓటేస్తాం, వగైరా. దోసె చల్లారిపోయేదాకా విని, "మరి ఆ మనుషుల్ని ఎంచే రోజు నువ్వెక్కడున్నావ్?" అంది.

ఆఫీసులో ఉన్నాను. 2024 ఏప్రిల్ 23, మంగళవారం, పార్టీలు తమ అభ్యర్థుల్ని ఓటుతో ఎంచుకునే ప్రైమరీ రోజు. ఇక్కడ ప్రైమరీలో వేరే పార్టీ వాళ్లకి గానీ, నాలాగా ఏ పార్టీ లేనివాళ్లకి గానీ ఆ ఓటు ఉండదు. నవంబరులో అసలు ఎన్నికకి వెళ్లి బటన్ల మధ్య తెగ ఆలోచించాను. ఎవరో వండి పెట్టిన రెండు కూరల ముందు విస్తరేసుకుని కూర్చోవడమే అది, నాకప్పుడు తట్టలేదు.

అమ్మాయి ఇంకోటి తవ్వి తీసింది. ఆ ప్రైమరీ నాటికి, రిపబ్లికన్ టికెట్ కోసం ట్రంప్‌తో పోటీపడిన నిక్కీ హేలీ బరిలోంచి తప్పుకుని ఆరేడు వారాలైంది. అయినా ఇక్కడి రిపబ్లికన్లలో లక్షన్నర మందికి పైగా పనిగట్టుకుని వెళ్లి ఆమెకే ఓటేశారు. నవంబరులో ట్రంప్ ఈ రాష్ట్రంలో గెలిచిన తేడా దాదాపు లక్షా ఇరవై వేలు. "వీళ్లందరూ మోడరేట్సే, నడిమివాళ్లే కదా, కానీ పార్టీ పేరు పెట్టుకున్నారు కాబట్టి చెప్పగలిగారు" అంది. అందులో ట్రంప్ మీద కోపంతో వేసినవాళ్లెందరో, హేలీ మీద ఇష్టంతో వేసినవాళ్లెందరో నాకు తెలీదన్నాను. "ఎవరైతేనేం, వేశారుగా" అంది.

నా నన్ వెనక పెద్ద సిద్ధాంతమేమీ లేదని దానికి చెప్పలేదు. 2003లో ఎమ్మెస్‌కి వచ్చినవాణ్ణి. హెచ్‌వన్‌బీ, ఎక్స్‌టెన్షన్లు, స్టాంపింగ్‌కి వెళ్లినప్పుడల్లా గుండె దడ, 2017లో గ్రీన్‌కార్డు, 2023లో సిటిజన్‌షిప్. ఇరవై ఏళ్లు ఏ కాగితం మీదా అక్కర్లేని అక్షరం రాయకుండా బతికాం. పక్కింటాయన పచ్చికలో ఎన్నికల బోర్డు పాతితే, బాగుందనీ అనలేదు, లేదనీ అనలేదు. ఇక్కడ ఓటు రహస్యమే గానీ పార్టీ నమోదు రహస్యం కాదు, ఎవరైనా చూడొచ్చు. ఆ సంగతి తెలిశాక నా వేలు దానంతటదే నన్ మీదికి వెళ్లింది. దాన్నే తర్వాత మధ్యేమార్గం అని పేరు పెట్టుకుని పిల్లలకి పాఠం చెప్పాను.

పిల్లలకి అలాంటి భయం లేదు. ఇక్కడే పుట్టారు, రాజ్యాంగం ప్రకారం ముప్పై అయిదేళ్లొస్తే ప్రెసిడెంటుగా నిలబడొచ్చు, నేను నూరేళ్లు బతికినా నిలబడలేను. (మావాడికి ఎనిమిదో తరగతిలోనే ఈ పాయింటు దొరికింది. చెత్తడబ్బా బయట పెట్టమంటే "ఫ్యూచర్ ప్రెసిడెంట్‌కి ఈ పనులా" అంటాడు.)

తెనాలి దగ్గర మా ఊళ్లో మాత్రం నన్ అన్న గడే లేదు. మా తాతయ్య పక్కా కాంగ్రెస్. 1983లో మా చిన్న మామయ్య ఎన్టీఆర్ అంటే ప్రాణమిచ్చేవాడు. పోలింగ్ రోజు ఇద్దరూ ఒకే సైకిల్ మీద బడికెళ్లి, చెరో దానికీ గుద్ది, "నీది నాకు చెల్లు" అనుకుంటూ తిరిగొచ్చి ఒకే బంతిలో కూర్చునేవారట. అమ్మ ఎన్నిసార్లు చెప్పిందో ఈ కథ. అన్ని ఊళ్లూ అలా లేవులెండి, అప్పటి మా గుంటూరు జిల్లాలోనే అటు పడమటికెళ్తే పార్టీ మాట మీద తలలు పగిలిన ఊళ్లున్నాయి. ఇక్కడ మన తెలుగు సంఘాలు ఎన్ని ముక్కలయ్యాయో చూశాక మధ్యేమార్గం గురించి మనం అమెరికావాళ్లకి చెప్పేదేం లేదు.

అసలు ఇక్కడి నడిమివాళ్లు ఏమయ్యారు? మాంచిన్, సినీమా, రామ్నీ, ముగ్గురూ మళ్లీ పోటీ చేయకుండానే 2025 జనవరికల్లా సెనేట్ ఖాళీ చేశారు. రెండు పార్టీలకీ చెందని అభ్యర్థిని నిలబెడతామని నో లేబుల్స్ అనే సంస్థ వాళ్లు చాలా హడావుడి చేసి, నిలబడేవాళ్లు దొరక్క 2024 ఏప్రిల్‌లో చేతులెత్తేశారు. 1992లో ఏ పార్టీ లేకుండా ప్రెసిడెంటుకి నిలబడ్డ రాస్ పెరో దాదాపు పందొమ్మిది శాతం ఓట్లు తెచ్చుకుంటే, గెలుపు తేల్చే ఎలక్టోరల్ ఓటు ఒక్కటీ రాలేదు. మన లోక్‌సభ లాంటి హౌస్‌లోని 435 సీట్లలో 2024లో ప్రెసిడెంటుకి ఒక పార్టీ, హౌస్‌కి ఇంకో పార్టీ గెలిచినవి పదహారంటే పదహారు. ఆ పదహారులో ఒకటి పక్క బక్స్ కౌంటీలో రిపబ్లికన్ ఫిట్జ్‌ప్యాట్రిక్ సీటు. మిగతా చోట్ల చాలామందికి నవంబరు భయం లేదు, ఉన్న భయమల్లా ప్రైమరీయే. ప్రైమరీకి ఎవరొస్తారు? కోపం ఉన్నవాళ్లొస్తారు. నాలాంటివాళ్లు ఆఫీసులో ఉంటారు.

2028 ప్రెసిడెంటు ఎన్నికకి పేర్లు మా వాట్సాప్ గ్రూపులో అప్పుడే మొదలయ్యాయి. మా గవర్నర్ షపీరో అంటే సగంమందికి ఇష్టం, దీపావళిని రాష్ట్ర పండగగా గుర్తిస్తూ 2024లో సంతకం పెట్టింది ఆయనే. ట్రంప్‌కి కంచుకోట లాంటి కెంటకీలో డెమొక్రాటై ఉండి రెండుసార్లు గవర్నరుగా గెలిచిన బెషియర్ పేరు నేనెత్తితే, ఎవరాయన అన్నారు. నడిమి మనిషికి గిరాకీ అంత.

వైస్ ప్రెసిడెంట్ వాన్స్ సంగతి వేరు. ఆయన భార్య ఉష గారి పూర్వీకుల ఊరు పశ్చిమ గోదావరిలో వడ్లూరని తెలిసిన రోజు, ఏ పార్టీవాళ్లయినా సరే, గ్రూపంతా ఆంధ్ర అల్లుడని ఒకటే పండగ. శాకాహారానికి అలవాటుపడ్డాడని, అత్తగారికి మన వంటలు వండి పెట్టడం నేర్చుకున్నాడని ఆవిడ పార్టీ సభలో చెబితే మా ఆవిడ కూడా మురిసిపోయింది. తర్వాత 2025 అక్టోబరులో ఆయన మిసిసిపీ యూనివర్సిటీలో మాట్లాడుతూ, తన భార్య కూడా ఏదో ఒకరోజు క్రైస్తవంలోకి వస్తే బాగుండునన్నారు, రాకపోయినా తనకి ఇబ్బంది లేదనీ అన్నారు. గ్రూపులో రెండురోజులు ఎవరూ గుడ్‌మార్నింగ్ కూడా పెట్టలేదు.

మా అమ్మాయి మాత్రం ఆ వీడియో రెండుసార్లు చూసి, "వాళ్లింట్లో వాళ్లు ఎలాగో సర్దుకుంటారు నాన్నా, స్టేజి మీద చెప్పాల్సి రావడమే కష్టం" అంది. ఆ మాట నాకు బాగా పట్టుకుంది. ఇంట్లో అయితే ఇది కూడా వినాయకచవితికి పాలవెల్లి కడుతుంది, డిసెంబరులో క్రిస్మస్ చెట్టూ కడుతుంది. ఎవరూ ఏ గడిలో టిక్కు పెట్టమనరు.

"గోడ మీద పిల్లి" అంటే ఏంటో దానికి ఆ వారమే చెప్పాల్సొచ్చింది, మా ఆవిడ నన్ను ఆ మాట అంది కాబట్టి. ఏ వైపు లాభముంటే ఆ వైపు దూకుతుందని చెప్పాను. "నువ్వు ఏ వైపూ దూకలేదుగా" అంది. "అయితే రెంటికీ చెడ్డ రేవడి" అంది వాళ్లమ్మ. దాని అర్థం కూడా చెప్పాల్సొచ్చింది.

అది తన గడి నింపేసింది. ఏది పెట్టావంటే చెప్పలేదు. కార్డు పోస్టులో వస్తుంది, దాని మీద పార్టీ ఉంటుంది, డబ్బా తాళం నా దగ్గరే ఉంది. చూడకూడదని ఒట్టు వేయించుకుంది.

నా లాప్‌టాప్‌లో అదే ఫారం, పార్టీ మార్చుకోవడానికి, నాలుగు రోజులుగా తెరిచి ఉంది, పేరు, చిరునామా, పుట్టిన తేదీ దాకా అయింది. ప్రైమరీకి పదిహేను రోజుల ముందు గడువు. నిన్న పొద్దున కాఫీ కలుపుకుంటూ చూస్తే, ఫ్రిజ్ మీది గుడి క్యాలెండరులో మే నెల కాగితం తిప్పి ఎవరో పెన్సిల్‌తో ఒక తేదీ చుట్టూ సున్నా చుట్టారు. కింద గుండ్రటి, వంకర తెలుగు అక్షరాల్లో "నాన్న పార్టి" అని రాసి ఉంది. పార్టీకి దీర్ఘం లేదు.