ఒక్క పేజీ కోసం ఆరు వారాలు: చెన్నైలో మా పత్రిక అనుభవం

మా కాలేజీ విద్యార్థుల తెలుగు సంస్కృతి పత్రికకు నిన్న సాయంత్రం అనుమతి వచ్చింది. ఆ కాగితం ఇంకా నా బ్యాగులోనే ఉంది.

పేరు, జట్టు, చందాలు అన్నీ వారంలో కుదిరాయి. ట్రిప్లికేన్‌లో ప్రెస్ ఆయన రేటు కూడా తగ్గించాడు. మమ్మల్ని ఏడిపించింది ఒక్క పేజీ. ఈ పత్రిక ఎందుకు, ఏ విలువలకు కట్టుబడి నడుపుతాం అని లోపలి అట్ట మీద వేసే పేజీ అది.

మొదట 'వారసత్వ పరిరక్షణ', 'యువ సృజనకు వేదిక' అని రాసిచ్చాం. అనుమతి ఇచ్చే కాలేజీ కమిటీ ఐదు నిమిషాల్లో సరే అంది. ఆ తర్వాత మా హాస్టల్ ఊడ్చే అక్కతో మాట్లాడాం. చెన్నై పారిశుద్ధ్య పనివాళ్లలో తెలుగు మాట్లాడేవాళ్లు చాలామంది. బ్రిటిష్ కాలంలో ఆంధ్ర జిల్లాల నుంచి వచ్చి స్థిరపడ్డ కుటుంబాలు వాళ్లవి. అక్క చెప్పిన వంటలు, పెళ్లి పాటలు రాసుకున్నాక మా పేజీలో ఆమెకు చోటే లేదనిపించింది. తిరగరాశాం: మాట్లాడినవాళ్ల యాస దిద్దం. అచ్చుకు ముందు వాళ్లకే చదివి వినిపిస్తాం. ప్రకటన ఇచ్చినవాళ్లకు రాతల మీద పెత్తనం ఇవ్వం.

అక్కడ మొదలైంది. కమిటీలో ఒకాయన, ఆయనా తెలుగువారే, పదిమంది ముందు నన్ను నిలబెట్టి మా పేజీని సాగదీసి చదివారు. "సంస్కృతి అంటే కూచిపూడి వెయ్యండి, ఉగాది వెయ్యండి. ఈ చీపుర్ల గోల ఎందుకమ్మా?" అని 'యాస' అన్న మాట కింద ఎర్రగీత గీశారు. నవ్వినవాళ్లలో నా క్లాసువాళ్లూ ఉన్నారు. నోట మాట రాలేదు. హాస్టల్‌కొచ్చి ఏడ్చాను.

1914లో ఆంధ్రపత్రిక దినపత్రికైంది ఈ ఊళ్లోనే. 1924లో భారతి సాహిత్య పత్రిక మొదలైందీ, 1947లో చందమామ పుట్టిందీ ఇక్కడే. అలాంటి ఊళ్లో తెలుగు మాట్లాడే మనిషి మాటను తెలుగు పత్రికలో వెయ్యడానికి బతిమాలాలా?

నాలుగు వారాలు తిప్పారు. ఒకసారి సార్ లేరు, ఒకసారి ఫైలు కనపడలేదు. మీరెవరైనా ఇలాంటి పని మీద వెళ్తే నోటిమాట నమ్మకండి, ఇచ్చిన ప్రతి కాగితానికీ నకలు మీద తేదీతో ముద్ర వేయించుకోండి. మాకు ఆ ముద్రలే దిక్కయ్యాయి.

చివరికి అక్క సమ్మతి పత్రం కావాలన్నారు. తీసుకెళ్లాను. తడి చెయ్యి కొంగుకు తుడుచుకుని, నెమ్మదిగా తమిళంలో సంతకం చేసింది. "నాకు తెలుగు అచ్చరాలు రావు పాపా, అరవ బళ్లో సదివినా" అంది. ఆమె మాటలు ఆమె చదవలేని లిపిలో వెయ్యబోతున్నామని అప్పటిదాకా మాకు తట్టలేదు. అందుకే నాలుగో మాట చేర్చాం: ఎవరి గురించి రాస్తామో వాళ్లు చదవగలిగేలా వేస్తాం.

ఆమె మాటలను తెలుగులోనే ఉంచి, పక్క పేజీలో తమిళ లిపిలో రాశాం. తమిళంలో 'బ'కు వేరే అక్షరం లేదు కాబట్టి బడి కాస్తా పడిలా కనిపిస్తుంది. అక్క మాత్రం తడుముకోకుండా బడి అనే చదివింది.

మా తెలుగు మేడమ్ సలహాదారుగా సంతకం పెట్టి, ముద్రలున్న నకళ్లన్నీ తీసుకుని స్వయంగా ప్రిన్సిపాల్ దగ్గరికి వెళ్లారు. ఆమెకు రుణపడి ఉంటాను. నిన్న నాలుగు మాటలూ ఉన్నవి ఉన్నట్టే పాసయ్యాయి.

సాయంత్రం అక్కకు చెప్పాను. "నా పేరు పూర్తిగా వెయ్యండి, ఇంటిపేరుతో" అంది. రేపు పొద్దున్నే ప్రెస్‌కి వెళ్లి ఆ దిద్దుబాటు చేయించాలి.