బ్యాండు డైరెక్టరునయ్యేదాకా

పాఠశాల బ్యాండుకు డైరెక్టరు కావాలంటే ముందు బ్యాటన్ పట్టుకుని చేతులు తిప్పడం నేర్పుతారని మా వాళ్ళంతా అనుకున్నారు. టెక్సస్‌లో సంగీత విద్యలో డిగ్రీ చేరిన నాకు ఆ కర్ర చేతికొచ్చింది మూడో ఏడు. అదీ వారానికి కొన్ని గంటలే. మిగతా కాలమంతా ఇతర వాద్యాల దగ్గర మళ్ళీ ఓనమాలు దిద్దుకోవడమే.

ఆరో తరగతిలో గుంటూరు నుంచి డాలస్ శివారుకు వచ్చినప్పుడు స్కూల్లో క్లారినెట్ తీసుకున్నాను. అందుకే డిగ్రీ ప్రవేశానికి ఆడిషన్ ఇచ్చిందీ ఆ వాద్యం మీదే: స్వరస్థానాల వరుసలు, స్వభావంలో తేడా ఉన్న రెండు రచనలు, అప్పటికప్పుడు చూసి వాయించే ఒక ముక్క. నాన్నకు కంప్యూటర్ సైన్స్ మీద ఆశ చావలేదు. అమ్మమ్మ మాత్రం ఫోనులో, "పెళ్ళిళ్ళలో వాయించే బ్యాండేనా తల్లీ?" అని అడిగింది. "దాదాపు అదే అమ్మమ్మా, క్లారినెట్, ట్రంపెట్, డ్రమ్ములు అన్నీ ఉంటాయి, పెళ్ళి ఒక్కటే ఉండదు" అన్నాను. ఆవిడకు ఆ జవాబు నచ్చింది. నాకు ఇప్పటికీ అంతకంటే మంచిది తట్టలేదు.

చేరాక తెలిసింది, ఇక్కడ అసలు కష్టం పద్ధతుల తరగతులదని. ఫ్లూట్, ఓబో, శాక్సఫోన్, హార్న్, ట్రాంబోన్, తాళవాద్యాలు, ఒక్కొక్కటీ పిల్లలకు మొదటి పాఠం చెప్పగలిగేంతగా నేర్చుకోవాలి. ఫ్లూట్ అయితే ముందు తల భాగం ఒక్కటే ఊదించి శబ్దం రప్పించాలి. ఇత్తడి వాద్యాలకు పెదవులు ఎలా అదరాలో ముందు మౌత్‌పీస్ మీదే చూపించాలి. ఏళ్ళ తరబడి క్లారినెట్ వాయించిన నేను హార్న్ పట్టుకుంటే గేదె అరిచినట్టు వచ్చేది. పక్కన హార్న్ వాయించే అబ్బాయి నా క్లారినెట్‌తో అంతకంటే ఘోరంగా కీచుమనిపించేవాడు కాబట్టి లెక్క సరిపోయింది.

స్కోరు, అంటే అన్ని వాద్యాల స్వరాలూ ఒకేచోట రాసిన కాగితం, చదవడం ఇంకో లోకం. పలికే స్వరం ఒకటే అయినా వాద్యాన్ని బట్టి దాని పేరు మారుతుంది. బ్యాండంతా కలిసి బి-ఫ్లాట్ అనే స్వరం పలకాలంటే ఫ్లూట్, ట్రాంబోన్, ట్యూబా వాళ్ళకు అదే పేరు చెప్పాలి. క్లారినెట్, ట్రంపెట్ పిల్లలకు సి అనాలి, ఆల్టో శాక్సఫోన్‌కు జి, హార్న్‌కు ఎఫ్. తోటి విద్యార్థులు దీనికి పట్టికలు రాసుకుని బట్టీపట్టారు. నాకు చిన్నప్పటి పాట క్లాసు పనికొచ్చింది. టీచరుగారు ఒక కట్టైలో, అంటే ఒక శ్రుతిలో, మగపిల్లలు ఇంకో కట్టైలో పాడుతున్నా అందరి నోటా అదే సరిగమ. షడ్జం ఎక్కడ పెట్టినా రాగం మారదని ఒంటబట్టినవాళ్ళకు ఈ గందరగోళం ఎక్కువ రోజులు ఉండదు.

ఆ పాట క్లాసే ఇంకోచోట అడ్డుపడింది. లయ నేర్పడానికి అమెరికాలో తకదిమి అనే పద్ధతి ఒకటుంది. 1996లో ముగ్గురు అమెరికన్ అధ్యాపకులు దాన్ని ప్రచురించారు. అక్షరాలు మనవే, నడక మాత్రం మనది కాదు. అందులో ప్రతి దెబ్బ మీదా 'త' పడాలి, దెబ్బ సగానికి 'ది', నాలుగు భాగాలైతే తకదిమి, మూడైతే తకిద. మనకు తకిట, తకతకిట దెబ్బతో నిమిత్తం లేకుండా తాళం మీదుగా సాగిపోతాయి, ఎక్కడ కలవాలో అక్కడ కలుస్తాయి. నా నాలుక వాటిని వదిలి ఈ కొత్త కట్టుబాటుకు రావడానికి చాలా కాలం పట్టింది. ఒకటి ఒప్పుకోవాలి, పదకొండేళ్ళ పిల్లలకు దెబ్బ ఎక్కడుందో చెప్పడానికి అమెరికావాళ్ళ తకదిమే మేలు.

కర్ర పట్టుకుని బ్యాండును నడిపించడం నేర్పే కండక్టింగ్ క్లాసులో వాయించేది తోటి విద్యార్థులే. మన చెయ్యి చూపించింది తప్ప ఇంకేదీ వాయించవద్దని వాళ్ళకు ఆజ్ఞ. మొదటి దెబ్బకు ముందు ఎత్తే చేతిలోనే వేగం, బిగ్గరతనం, ఊపిరి తీసుకునే చోటు అన్నీ ఉండాలి. ఆ ఎత్తడంలో సందేహం ఉంటే హార్న్‌లు ఒకసారి, ట్రంపెట్లు ఇంకోసారి మొదలవుతాయి.

టీచరు సర్టిఫికేట్ పరీక్షల గురించి చెప్పేదేం లేదు, చదివితే గట్టెక్కుతాం. ఉద్యోగానికి ఇంటర్వ్యూ వేరు. ఒకచోట పిల్లల బ్యాండును నా ముందు కూర్చోబెట్టి స్కోరు చేతికిచ్చి రిహార్సల్ చేయమన్నారు. అది న్యాయమైన పరీక్ష. తరవాత ఒకాయన, శుక్రవారం రాత్రుళ్ళు బ్యాండు వాయించే ఫుట్‌బాల్ ఆటలకు వెళ్ళాలి, ఇంట్లో ఒప్పుకుంటారా అని అడిగారు. నాకంటే ముందు లోపలికెళ్ళిన అబ్బాయిని ఆ మాట అడగలేదట. బ్యాండు డైరెక్టర్ల సంఘం అమెరికన్ బ్యాండ్‌మాస్టర్స్ అసోసియేషన్ 1929లో మొదలైంది, దానికి ఎన్నికైన మొదటి మహిళ గ్లాడిస్ స్టోన్ రైట్. ఆవిడ ఎన్నికైన ఏడు 1984. మహిళా డైరెక్టర్ల కోసం ఆవిడ అంతకు ముందే, 1969లో, వేరే సంఘం పెట్టుకోవలసి వచ్చింది ఎందుకో ఆ గదిలో కూర్చుంటే బాగా అర్థమవుతుంది. నాకు ఉద్యోగమిచ్చింది వేరే మిడిల్ స్కూలు.

వసంతంలో రాష్ట్రమంతటా జరిగే పోటీకి తొలి ఏడాదే పిల్లలను తీసుకెళ్ళాను. వేదిక మీద ముగ్గురు జడ్జీల ముందు సాధన చేసినవి వాయిస్తాం. అక్కడి నుంచి నేరుగా ఇంకో గదికి తీసుకెళతారు. అక్కడ వేరే ముగ్గురు జడ్జీలు, ఎవరూ చూడని ఒక రచన. డైరెక్టరుకు వివరించడానికి కొద్ది నిమిషాలే, ఆలోగా ఆ రచనలో ఒక్క స్వరం కూడా వాయించకూడదు. చప్పట్లు కొట్టవచ్చు. నేను కష్టమైన చోట్లు రెండు ఎంచుకుని తకదిమి అనిపించి చప్పట్లు కొట్టించాను, మిగతావి వాళ్ళ కళ్ళకు వదిలేశాను. వేదిక మీద రెండో శ్రేణి వచ్చింది, ఈ గదిలో మొదటిది. వేదిక జడ్జీల కాగితాల్లో ట్రాంబోన్లు ఫ్లూట్లను మింగేశాయని ఉంది. నిజమే, మింగేశాయి.

ఇప్పుడు కండక్టింగ్‌లో మాస్టర్స్‌కు దరఖాస్తు సిద్ధం చేస్తున్నాను. వీడియో పంపాలి, అందులో కనిపించాల్సింది బ్యాండు కాదు, నా ముఖం, చేతులు. అందుకని కెమెరాను డ్రమ్ముల వెనక పెట్టి నావైపు తిప్పుతున్నాను. పిల్లల వీపులే పడతాయి కనుక తల్లిదండ్రుల అనుమతి పత్రాలు కూడా త్వరగా తిరిగొస్తున్నాయి. కచేరీ ఒక్కటే చాలదు, రిహార్సల్ కూడా ఉండాలన్నారు. నాకూ అదే ఇష్టం.