ఫ్లాష్‌కు బయటి బ్యాటరీ: చేసుకున్నదీ, కొన్నదీ

పెళ్ళి ఫోటోలు తీసేవాడికి ఫ్లాష్ మళ్ళీ సిద్ధమయ్యే ఆ రెండు మూడు సెకన్లు ఎంత పొడవైనవో తలంబ్రాల సమయంలో తెలుస్తుంది. నేను వాడే నికాన్ ఎస్‌బి-910 ఫ్లాష్‌లో నాలుగు ఏఏ పెన్సిల్ సెల్స్ పడతాయి. పూర్తి శక్తితో వెలిగాక తిరిగి సిద్ధం కావడానికి ఆల్కలైన్ సెల్స్‌తో 4 సెకన్లు, రీఛార్జబుల్ నికెల్ మెటల్ హైడ్రైడ్ సెల్స్‌తో 2.3 సెకన్లు పడుతుందని తయారీదారు లెక్క. అది సెల్స్ నిండుగా ఉన్నప్పటి మాట. సాయంత్రం ఎదుర్కోలు నుంచి వెలుగుతూ వచ్చిన సెల్స్ అర్ధరాత్రి ముహూర్తానికి ఆ వేగాన్ని ఇవ్వవు. సెల్స్ మార్చుకుంటాం, కాస్త ఆగండి అని పురోహితుణ్ణి అడగలేము. అందుకని బయటి బ్యాటరీ పెట్టుకోవాలనుకున్నాను. కంపెనీ ప్యాక్ కొనాలా, సొంతంగా చేసుకోవాలా అన్నది తేల్చుకోవడానికి ఒక పెళ్ళిళ్ళ సీజన్ పూర్తిగా పట్టింది.

ఈ రెండూ ఒకే పని చేసే వస్తువులు కావని ముందుగా గ్రహించాలి. ఫ్లాష్ లోపల విద్యుత్తును పోగుచేసి ఒక్కసారిగా వదిలే భాగమైన పెద్ద కెపాసిటర్ సుమారు 330 వోల్టుల దాకా నిండుతుంది. సెల్స్ ఇచ్చే ఐదారు వోల్టులను అంత ఎత్తుకు తీసుకువెళ్ళేది ఫ్లాష్‌లోనే ఉన్న కన్వర్టర్ సర్క్యూట్. ఇంట్లో చేసుకునే ప్యాక్ ఆ కన్వర్టర్‌కు సెల్స్ స్థానంలో మరింత పెద్ద బ్యాటరీని అందిస్తుంది, అంతే. ఇదే ఫ్లాష్ కోసం నికాన్ తయారుచేసిన ఎస్‌డి-9 ప్యాక్‌లో ఎనిమిది ఏఏ సెల్స్‌తో పాటు దాని సొంత కన్వర్టర్ ఉంటుంది. అది ఫ్లాష్ పక్కనున్న సాకెట్ గుండా అధిక వోల్టేజీని నేరుగా కెపాసిటర్‌కు పంపుతుంది. ఫ్లాష్‌లోని నాలుగు సెల్స్‌ను అప్పుడూ తీసివేయకూడదు. కాబట్టి ఒక చెరువును ఒక మోటారుతో నింపడానికీ రెండు మోటార్లతో నింపడానికీ ఉన్న తేడాయే ఇక్కడా ఉంది.

ఖర్చు తక్కువ కనుక ముందు చేసుకోవడానికే సిద్ధపడ్డాను. కోఠీలోని గుజరాతీ గల్లీలో 6 వోల్టుల 4.5 ఆంపియర్ అవర్ సీల్డ్ లెడ్ యాసిడ్ బ్యాటరీ కొన్నాను. ఎమర్జెన్సీ లైట్లలోనూ ఎలక్ట్రానిక్ కాటాలలోనూ ఉండేది అదే. ముప్పావు కిలో పైచిలుకు బరువు, నడుముకు కట్టుకుంటే మొదటి గంటలోనే గుర్తుచేస్తుంది. రెండు లిథియం అయాన్ సెల్స్ వాడితే తేలిక కదా అని మిత్రులు సలహా ఇచ్చారు కానీ, అవి నిండుగా ఉన్నప్పుడు 8.4 వోల్టులు ఇస్తాయి. నాలుగు కొత్త ఆల్కలైన్ సెల్స్ కలిసి ఇచ్చేది సుమారు 6.4. ఆ హద్దు దాటించడం నాకు ఇష్టం లేదు. లెడ్ యాసిడ్ కూడా ఛార్జర్ నుంచి తీసిన వెంటనే కొంత ఎక్కువే చూపిస్తుంది. కొన్ని గంటలు పక్కన ఉంచితే 6.4 దగ్గరకు దిగుతుంది కనుక ముందురోజు రాత్రే ఛార్జింగ్ ముగించేవాణ్ణి.

తెలివి ఖర్చుచేయవలసింది బ్యాటరీ మీద కాదు, తీగ మీదా కలిసే చోట్ల మీదా. కెపాసిటర్ నిండడం మొదలైన క్షణంలో ఫ్లాష్ ఎనిమిది పది ఆంపియర్ల దాకా లాగగలదు. అర చదరపు మిల్లీమీటరు సన్నని వైరు వాడితే, రానూపోనూ రెండున్నర మీటర్ల పొడవులో, ఆ కరెంటు వద్ద ముప్పావు వోల్టు వైరులోనే పోతుంది. ఆరు వోల్టుల బ్యాటరీకి అది చిన్న నష్టం కాదు. ఒకటిన్నర చదరపు మిల్లీమీటర్ల మల్టీస్ట్రాండ్ వైరు వాడితే ఆ నష్టం పావు వోల్టుకు తగ్గింది. సెల్స్ ఉండవలసిన గదిలోకి 14.5 మిల్లీమీటర్ల లావు, 50.5 మిల్లీమీటర్ల పొడవు ఉండేలా చెక్కతో డమ్మీ సెల్స్ చేయించి, చివరల్లో ఇత్తడి స్క్రూలు బిగించాను. నాలుగు సెల్స్ వరుసలో మొదటి ప్లస్, చివరి మైనస్ ఎక్కడున్నాయో మల్టీమీటర్‌తో వెతికి ఆ రెండింటికే వైర్లు కలిపాను. వైరు బయటికి రావడానికి అసలు మూతకు రంధ్రం చేయకుండా, రిపేరు చేసే పెద్దాయన దగ్గర పాత మూత ఒకటి తీసుకున్నాను. ప్లస్ మైనస్ తారుమారు కాకుండా డ్రోన్లలో వాడే ఎక్స్‌టి-60 కనెక్టర్, బ్యాటరీ పక్కనే 10 ఆంపియర్ల బ్లేడ్ ఫ్యూజ్ పెట్టాను. ఇంత చిన్న బ్యాటరీకి ఫ్యూజ్ ఎందుకని నవ్వేవారుంటారు. షార్ట్ అయితే వైరును ఎర్రగా కాల్చగల కరెంటు అందులో ఉంది, మనం నిలబడేది పట్టుబట్టల మధ్య, పందిరి కింద.

ఫలితం ఆశించినట్టే వచ్చింది, కానీ ఆశించిన చోట రాలేదు. వేగం కొత్త సెల్స్‌కు దాదాపు సమానంగానే ఉంది, ఎందుకంటే కన్వర్టర్ అదే. మారింది ఓర్పు. నాలుగు 2000 మిల్లీ ఆంపియర్ అవర్ రీఛార్జబుల్ సెల్స్‌లో 9.6 వాట్ అవర్ల శక్తి ఉంటే, ఈ బ్యాటరీ మీద రాసి ఉన్నది 27. లెడ్ యాసిడ్ సామర్థ్యాన్ని నెమ్మదిగా వాడినప్పటి లెక్కతో ముద్రిస్తారు కనుక అంతా చేతికి రాదు. అయినా తెల్లవారుజామున అప్పగింతల దాకా వేగం తగ్గలేదు.

తలంబ్రాలకు అది చాలింది, దానికి కారణం ఉంది. ఎస్‌బి-910 పూర్తి శక్తితో వెలిగినప్పుడు ఆ వెలుగు సెకనులో 880వ వంతు ఉంటుంది, పావు శక్తికి దించితే 2550వ వంతుకు తగ్గుతుంది. గాలిలో ఉన్న బియ్యం గింజ గీతలా సాగకుండా నిలవాలంటే ఎలాగూ పావు శక్తే మేలు. పావు శక్తికి కెపాసిటర్‌లో కొంత భాగమే ఖర్చవుతుంది కనుక వరుసగా మూడు నాలుగు ఫోటోలు ఆగకుండా వస్తాయి.

ఇబ్బంది ఎత్తైన సీలింగ్ ఉన్న ఫంక్షన్ హాళ్ళలో వచ్చింది. వెలుగును పైకప్పుకు కొట్టి దించుకోవాలంటే ప్రతిసారీ పూర్తి శక్తి కావాలి. గ్రూప్ ఫోటోలకు బంధువులు వరుసకట్టి నిలబడి ఉంటే, సొంత ప్యాక్ ఎంత పెద్దదైనా ఆ రెండున్నర సెకన్లను తగ్గించలేదు. అధిక వోల్టేజీ ప్యాక్‌ను కూడా ఇంట్లోనే చేద్దామా అని ఆ పెద్దాయనను అడిగాను. “వద్దు బాబూ, 330 వోల్టుల డీసీ వైరు నడుముకు చుట్టుకుని చెమటలో తిరుగుతావా?” అన్నారు. ఆ సాకెట్ పిన్నులు, ఇన్సులేషన్, ఎప్పుడు ఆగాలో ఫ్లాష్‌తో మాట్లాడుకునే ఏర్పాటు, ఇవన్నీ కలిపే కంపెనీ ప్యాక్ ధర అవుతాయని నాకూ అనిపించింది. ఎస్‌డి-9 కొన్నాను. నా ప్యాక్ కంటే ఎన్నో రెట్లు ఖరీదు, కానీ పూర్తి శక్తి వద్ద తేడా మొదటి గ్రూపుకే తెలిసింది.

అయితే వేగం పెరిగిన కొద్దీ వేడి పెరుగుతుంది. ఎస్‌బి-910 తన ఉష్ణోగ్రతను గమనించుకుంటూ, మరీ వేడెక్కితే తానే ఛార్జింగ్‌ను నెమ్మది చేస్తుంది. అలాంటి రక్షణ లేని పాత ఫ్లాష్‌లకు బలమైన ప్యాక్ తగిలించి ఎడతెరిపి లేకుండా వెలిగిస్తే ముందు పాడయ్యేది ఫ్లాష్ తలే, దానికి ఏ ప్యాక్ వాడామన్నదానితో నిమిత్తం లేదు.

ఇప్పుడు రాత్రంతా సాగే పెళ్ళికి చేసుకున్న ప్యాక్, రిసెప్షన్‌కు ఎస్‌డి-9 తీసుకువెళ్తున్నాను. 11.1 వోల్టుల లిథియం బ్యాటరీ ఫ్లాష్‌లోనే ఉండి ఒకటిన్నర సెకనులో సిద్ధమయ్యే గోడాక్స్ వి860-2 వంటివి వచ్చాక, కొత్తగా ఫ్లాష్ కొనేవారికి ఈ రెండూ అక్కరలేకపోవచ్చు. ఉన్న ఫ్లాష్‌తోనే నెట్టుకువచ్చే నావంటి వారు మాత్రం ముహూర్తాలు లేని ఆషాఢంలోనూ మూఢంలోనూ రెండు పనులు చేయాలి: ఎస్‌డి-9 నుంచి ఎనిమిది సెల్స్‌నూ తీసి విడిగా ఉంచాలి, లెడ్ యాసిడ్‌ను నిండుగా ఛార్జ్ చేసి పెట్టి రెండు నెలలకొకసారి మళ్ళీ నింపాలి. ఖాళీగా వదిలేస్తే పలకల మీద సల్ఫేట్ గట్టిపడి, శ్రావణంలో మొదటి పెళ్ళికి అది సగం రాత్రి కూడా రాదు.