కాన్పు అయ్యాక రెండు గంటలు

బుధవారం రాత్రి, నెల్లూరు.

ఈ నెల మా క్లినికల్ పోస్టింగు కాన్పుల గదిలో. ఉదయం ఎనిమిదింటికి రాత్రి డ్యూటీ సిస్టర్లు కేసులు అప్పజెప్పే వేళకు మేము అక్కడ ఉండాలి. ఎవరికి నొప్పులు ఏ దశలో ఉన్నాయి, ఎవరికి బీపీ ఎక్కువగా ఉంది, ఎవరికి రక్తం తక్కువగా ఉంది అన్నవి ఒక్కసారే, అదీ వేగంగా చెబుతారు కనుక వెనక వరుసలో నిలబడే విద్యార్థినులమైనా మేము చెవి ఒగ్గి వినాల్సిందే.

గదిలోకి వెళ్లేముందు చేతులు కడుక్కోవడం మొదటి సంవత్సరం నుంచి ఉన్న అలవాటే అయినా, దాని వెనకనున్న చరిత్ర చదివినప్పటి నుంచి ఆ పని నేను తొందరగా ముగించలేకపోతున్నాను. వియన్నా నగరపు పెద్దాసుపత్రిలో అప్పట్లో కాన్పులకు రెండు విభాగాలుండేవి. ఒకదానిలో వైద్య విద్యార్థులు, రెండోదానిలో మంత్రసాని విద్య నేర్చుకునేవారు పనిచేసేవారు. బాలింత జ్వరంతో చనిపోయేవారు మొదటి విభాగంలోనే ఎక్కువ. శవాలను కోసి పరీక్షించే గది నుంచి విద్యార్థులు నేరుగా కాన్పులకు వస్తున్నారని, వారి చేతులే ఆ జబ్బును మోసుకొస్తున్నాయని గ్రహించిన ఇగ్నాజ్ సెమ్మెల్‌వైస్ అనే వైద్యుడు 1847లో బ్లీచింగు పొడి కలిపిన నీళ్లతో అందరి చేతా చేతులు కడిగించాడు. ఆ ఏడు ఏప్రిల్‌లో నూటికి 18 మంది తల్లులు చనిపోయిన ఆ విభాగంలో జూన్ నాటికి మరణాలు నూటికి 2కు దిగాయి. నేర్చుకోవడానికి వచ్చినవారి చేతుల మీదుగా అంతమంది తల్లులు పోయారన్న సంగతిని నర్సింగు చదివే ఎవరూ మరిచిపోకూడదని నేను అనుకుంటాను.

ఈ రోజు నన్ను ఉండమన్నది ఉదయగిరి మెట్ట ప్రాంతం నుంచి తొలిచూలు కాన్పుకు వచ్చిన ఒక అక్క దగ్గర. ఆత్మకూరు మీదుగా దాదాపు 100 కిలోమీటర్ల దారి. తెల్లవారకముందే తల్లితో కలిసి వచ్చి చేరింది. అరగంటకోసారి బిడ్డ గుండె చప్పుడు వినడం, పది నిమిషాల్లో ఎన్ని నొప్పులు వస్తున్నాయో, ఒక్కొక్కటి ఎన్ని సెకన్లు ఉంటున్నదో పొట్ట మీద చెయ్యి వేసి లెక్కపెట్టడం, అవన్నీ పార్టోగ్రాఫ్, అంటే కాన్పు ఎలా సాగుతున్నదో గీతల్లో చూపే కాగితం మీద గుర్తించడం నా పని. బిడ్డ గుండె నిమిషానికి 110 నుంచి 160 సార్లు కొట్టుకోవాలి. నొప్పి తగ్గిన వెంటనే వింటేనే అది ఎంత ఓర్చుకుంటున్నదీ తెలుస్తుంది.

"అక్కా, నేను నర్సింగు స్టూడెంటును. నొప్పులు లెక్కపెట్టడానికి నీ పొట్ట మీద చెయ్యి వేయవచ్చా?" అని అడిగాను. "వెయ్యమ్మా, నువ్వన్నా నా పక్కనే ఉండు" అంది. ఇలా అడగడం మా ట్యూటర్ మేడమ్ పట్టుబట్టి నేర్పిన పద్ధతి. బోధనాసుపత్రికి వచ్చిన తల్లి అక్కడి విద్యార్థులందరికీ ముందే ఒప్పుకున్నట్లు కాదు. సాధారణంగా సాగుతున్న కాన్పులో నాలుగు గంటలకోసారి లోపలి పరీక్ష చేస్తే సరిపోతుంది. ఆ ఒక్క పరీక్షను మేము నేర్చుకోవడం కోసం ఇద్దరు ముగ్గురు మళ్లీ మళ్లీ చేయడం నాకు న్యాయంగా తోచదు, పైగా చేసిన ప్రతిసారీ ఇన్ఫెక్షను భయం పెరుగుతుంది. నేర్చుకోవలసిన అవసరం మాది, ఆమెది కాదు.

పదకొండు దాటాక ఆడపిల్ల పుట్టింది, పుడుతూనే ఏడ్చింది. స్టాఫ్ సిస్టర్ కాన్పు చేస్తుండగా, బిడ్డ బయటికి వచ్చిన నిమిషం లోపల గర్భసంచి బిగుసుకోవడానికి తల్లి తొడకు ఇచ్చే 10 యూనిట్ల ఆక్సిటోసిన్ ఇంజెక్షను నా చేత ఇప్పించారు. బిడ్డను తుడిచి తల్లి ఎద మీద బోర్లా పడుకోబెట్టి, పొడిబట్ట కప్పి, ఒక నిమిషం దాటాక బొడ్డుతాడు కత్తిరించారు. మాయ పూర్తిగా వచ్చిందో లేదో తిప్పి తిప్పి చూపించారు. అప్పటికే పక్క బల్ల మీద మరొకరికి నొప్పులు ముదరడంతో గదిలోని పెద్దవాళ్లందరూ అటు వెళ్లారు, నన్ను మాత్రం ఈ తల్లీబిడ్డల దగ్గర ఉండమన్నారు.

ఈ రోజు నేను ముఖ్యంగా రాసుకోవాలనుకున్నది ఆ తర్వాతి రెండు గంటల గురించే. బిడ్డ పుట్టగానే పని అయిపోయినట్లు అందరికీ ఊపిరి తేలికపడుతుంది. బయట నిలబడ్డ బంధువులు ఫోన్లు తీస్తారు, మిఠాయిల మాట వస్తుంది. తల్లికి ప్రమాదం పొంచి ఉండేది మాత్రం అప్పుడే. కాన్పుల్లో తల్లులను బలిగొనే కారణాల్లో మొదటి వరుసలో ఉన్నది కాన్పు తర్వాతి రక్తస్రావం, దానిలోనూ ఎక్కువసార్లు కారణం గర్భసంచి బిగుసుకోకపోవడం. బిగుసుకున్న గర్భసంచి బొడ్డు దగ్గర చేతికి కొబ్బరికాయలా గట్టిగా, గుండ్రంగా తగులుతుంది. వదులైతే దాని అంచే దొరకదు. పదిహేను నిమిషాలకోసారి అక్కడ చెయ్యి వేసి చూడాలి, నాడి, బీపీ చూడాలి, కింద వేసిన గుడ్డ ఎంత తడిసిందో చూడాలి, బిడ్డ శ్వాస చూడాలి, బిడ్డ పాదాలు తాకి వెచ్చగా ఉన్నాయో లేదో చూడాలి. ఇందులో ఏ ఒక్కటీ కష్టమైన పని కాదు, కానీ రెండు గంటలపాటు అక్కడి నుంచి కదలని మనిషి ఒకరు కావాలి.

నాలుగోసారి చెయ్యి వేసినప్పుడు గర్భసంచి అంతకుముందుకన్నా మెత్తగా తగిలింది. పైగా అది బొడ్డుకు పైన, కాస్త కుడివైపుకు జరిగినట్లు అనిపించింది. గుడ్డ కూడా మునుపటికన్నా ఎక్కువ తడిసింది. వెంటనే స్టాఫ్ సిస్టర్‌ను పిలిచాను. ఆమె వస్తూనే పొట్ట కిందిభాగం తాకి, "ఒంటేలుకు వెళ్లి ఎంతసేపయింది?" అని అడిగారు. తెల్లవారినప్పటి నుంచి వెళ్లలేదని తల్లి చెప్పింది. నిండిన మూత్రాశయం గర్భసంచిని పైకి, పక్కకు నెట్టి దాన్ని బిగుసుకోనివ్వదు. పాఠంలో చదివినదే, ఇవాళ నా అరచేతి కింద ఉంది. బెడ్‌పాన్ పెట్టి, చాటుగా తెర లాగి, కుళాయి తిప్పి నీళ్ల చప్పుడు వినిపిస్తే కొంతసేపటికి వెళ్లగలిగింది. ఆ తర్వాత సిస్టర్ గర్భసంచిని పైనుంచి మర్దన చేస్తూ నా చేతిని కూడా అక్కడ పెట్టించారు. అది చేతి కిందే మెల్లగా గట్టిపడింది, రక్తం తగ్గింది. మందు గానీ, సూది గానీ అవసరం కాలేదు. ఇంకో అరగంట ఎవరూ చూడకపోయి ఉంటే ఎలా ఉండేదో అన్న ఆలోచన సాయంత్రం దాకా నన్ను వదల్లేదు.

ఈలోగా బిడ్డ అమ్మమ్మ చిన్న సీసాలో తేనె తీసుకుని వచ్చింది. "నోరెండిపోతుండాది గదమ్మాయ్, రెండు చుక్కలు నాకిస్తే ఏమవుద్ది?" అని అడిగింది. ఆమెను కసిరితే లాభం లేదు. ఇంటికి వెళ్లాక ఆ పిల్లను చూసుకునేది ఆమే. "వద్దవ్వా, ఈ ముర్రుపాలే పాపకు మొదటి మందు, ఇవి చిక్కగా కొంచెమే వస్తాయి, పాపకు ఆ కొంచెమే చాలు" అని చెప్పి, బిడ్డ తనంతట తానే రొమ్ము వెతుక్కుంటూ మొహం తిప్పడం చూపించాను. అవ్వ చాలాసేపు చూసింది. తన నలుగురు పిల్లలకూ మూడో రోజు దాకా అత్తగారు పాలివ్వనివ్వలేదని, అవన్నీ పిండి పారబోయించిందని చెప్పింది. సీసా మూత బిగించి సంచిలో పెట్టుకుంది. గంట లోపలే పాప పాలు పట్టింది. ఆ తర్వాతే తూకం వేశాము, 2,600 గ్రాములు ఉంది. రక్తం గడ్డకట్టడానికి తోడ్పడే విటమిన్ కె ఇంజెక్షను 1 మిల్లీగ్రాము ఇచ్చారు.

మధ్యాహ్నం కాసేపు నవజాత శిశువుల గదిలో ఉన్నాను. నెలలు నిండని 1,700 గ్రాముల పిల్లవాణ్ణి తల్లి కంగారూ పద్ధతిలో ఎదకు కట్టుకుని కూర్చుంది. 1978లో కొలంబియాలోని బొగోటాలో ఇంక్యుబేటర్లు చాలక మొదలైన ఈ పద్ధతిని, ఇప్పుడు పుట్టిన వెంటనే మొదలుపెట్టాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. పక్కనే కామెర్లున్న పాప నీలి వెలుగు కింద, కళ్లకు గంతలతో పడుకుని ఉంది. ఆ వైద్యానికి దారి చూపింది 1950లలో ఇంగ్లండులోని రోచ్‌ఫర్డ్ ఆసుపత్రిలో పనిచేసిన సిస్టర్ జీన్ వార్డ్. ఎండ తగిలిన చోట పసిబిడ్డ చర్మం పసుపు తగ్గి, గుడ్డ కప్పిన చోట అలాగే ఉండటం ఆమె గమనించి వైద్యులకు చూపించింది. 1958లో అక్కడి వైద్యులు దాన్ని పరీక్షించి ప్రచురించారు. పక్కన నిలబడి చూడటమే నర్సు పని అని ఎవరైనా తక్కువ చేసి మాట్లాడితే ఇక మీదట నేను ఈ సంగతి చెబుతాను.

డ్యూటీ దిగేముందు కేసుబుక్కు మీద సంతకం కోసం ట్యూటర్ మేడమ్ దగ్గరకు వెళ్లాను. మా పుస్తకంలో చూసిన కాన్పులకు, చేసిన కాన్పులకు, పసిబిడ్డల పరీక్షలకు పుటలున్నాయి గానీ ఈ రెండు గంటల కాపలాకు విడిగా పుట లేదు. లెక్కలోకి రాని పని కనుకే మాలో చాలామంది బిడ్డ పుట్టగానే తర్వాతి కాన్పు బల్ల దగ్గరకు పరుగెడతారు. ఈ మాటే మేడమ్‌తో చెప్పాను. ఆమె సంతకం పెట్టి, "నువ్వే ఒక పట్టిక గీసి తీసుకురా, శనివారం క్లాసులో జూనియర్లకు చెబుదువు గాని" అన్నారు. అన్నం తిని వచ్చి గీతలు కొట్టడం మొదలుపెట్టాను: వేళ, నాడి, బీపీ, గర్భసంచి గట్టిదనం, రక్తం, బిడ్డ శ్వాస, బిడ్డ పాదాల వెచ్చదనం. మూత్రం సంగతికి ఒక గడి వేరుగా పెడుతున్నాను, అదీ గర్భసంచి గడి పక్కనే.